మైథిలీ, నీ బంగారం నా దగ్గర భద్రంగా ఉంది

పటమట, విజయవాడ

చిరంజీవి హర్షకు, చిన్నారి మైథిలికి తాతయ్య ఆశీస్సులు.

మీరు గుంటూరు బస్సెక్కి పది రోజులైంది. మేడ మీద గది పని చివరికొచ్చింది. ఇంటి ముందు మీరిద్దరూ రోజంతా దొర్లిన ఇసుక గుట్ట ఇప్పుడు మోకాలెత్తు కూడా లేదు. మైథిలి అగ్గిపెట్టెలో దాచి, "ఎవరికీ చెప్పొద్దు తాతయ్యా" అని నాకిచ్చిన బంగారం మాత్రం దేవుడి గూట్లో ఉంది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అడిగావు గుర్తుందా అమ్మా, "ఇసుకలో ఇంత బంగారం ఉంటే మేస్త్రీ తాత దాన్ని సిమెంటులో ఎందుకు కలిపేస్తున్నాడు?" అని. ఆ గోలలో జవాబు చెప్పడం కుదరలేదు. ఇప్పుడు చెబుతాను.

అది బంగారం కాదు తల్లీ, అభ్రకం. మా చిన్నప్పుడు కాకిబంగారం అనేవాళ్లం. గోటితో గీరితే ఉల్లిపొరలా రేకులు రేకులుగా ఊడుతుంది. నిరాశపడకు. అది ఎక్కడి నుంచి వచ్చిందో వింటే ఆ అగ్గిపెట్టెను నువ్వే దేవుడి గూట్లో పెడతావు.

మన కృష్ణమ్మ మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో తుంగభద్ర వచ్చి చేరుతుంది. ఆ తుంగభద్ర హంపీలో పెద్ద పెద్ద గ్రానైటు బండల పక్కనుంచి వస్తుంది. గ్రానైటు బండను దగ్గరగా చూస్తే మూడు రకాల పలుకులు కనిపిస్తాయి. గాజుముక్కలా ఉండేది పలుగురాయి. తెల్లగానో లేత గులాబీగానో ఉండేది ఇంకోటి. తళుక్కుమనేది మన కాకిబంగారం. ఎండకు కాగి, వానకు తడిసి, వేల ఏళ్లకు ఆ బండ పొరలు పొరలుగా రాలుతుంది. రెండోరకం పలుకు మెత్తబడి మన్నయిపోతుంది. పలుగు మాత్రం దేనికీ లొంగదు. అరిగి చిన్నదవుతుందే తప్ప కరగదు. అలా మిగిలిన పలుగే మీరు దొర్లిన ఇసుక. మైథిలి దాచిన రేకు హంపీ బండల్లోంచి ఊడి వచ్చిందేమో, ఎవరు చెప్పగలరు!

ఇసుక అంటే గోడలు కట్టడానికే అనుకుంటున్నారేమో. సోడా, సున్నపురాయి కలిపి తెల్ల ఇసుకను కొలిమిలో కరిగిస్తే గాజు అవుతుంది. నువ్వు ముక్కు ఆనించి టాటా చెప్పిన బస్సు అద్దం అలా వచ్చిందే. హర్ష వదలకుండా పట్టుకునే ఫోనులోని చిప్పు కూడా పలుగులో ఉండే సిలికాన్‌తో చేసేదే. బండి మీద వేరుశెనక్కాయలు వేయించేది వేడి ఇసుకలో. మీ అమ్మమ్మ మంచినీళ్ల కుండ కింద తడి ఇసుక పోస్తుంది, అల్లం దాచేదీ ఇసుకలోనే. మా తాతగారికి బడిలో పలక లేదట. ఇసుక పరిచి, దాని మీద వేలితో ఓనమాలు దిద్దారట.

ఇవన్నీ సరే, నాకు ఇసుక అంటే ముందు గుర్తొచ్చేది చెలమ.

నాకు ఎనిమిదేళ్లు. ఎండాకాలం కాలువలు కట్టేసేవాళ్లు. కృష్ణ మీది ప్రకాశం బరాజ్ దిగువన యనమలకుదురు వైపు ఏరంతా ఇసుక తిన్నెలే. వాటి మీద దోసపాదులు, పుచ్చపాదులు వేసేవాళ్లు. తెల్లవారకముందే అమ్మ బిందె పట్టుకుని బయలుదేరేది, వెనకాల నేను కొబ్బరిచిప్పతో. పైన ఇసుక అప్పటికే గోరువెచ్చగా ఉండేది. మోచేయి లోతు తవ్వేసరికి చల్లదనం తగిలేది. ఇంకాస్త తవ్వితే గుంట అడుగున నీళ్లు ఊరేవి. మొదటి నీళ్లు బురదగా ఉంటాయి, తోడి పారబోయాలి. రెండోసారీ పారబోయాలి. మూడోసారి ఊరిన నీళ్లలో నా మొహం కనిపించేది. అంత ఎండిపోయిన ఏటిలో అంత తేట నీళ్లు ఎక్కడ దాక్కున్నాయా అని నాకు రోజూ ఆశ్చర్యమే. అమ్మ కొబ్బరిచిప్పతో ఒక్కొక్క చిప్పా తోడి బిందె నింపేది. చివరిదాకా తోడేది కాదు. "వెనక వచ్చేవాళ్లకు ఊరాలిరా" అనేది. చెలమ పక్కన ఉమ్మినా, చెప్పులతో దిగినా ఊరుకునేది కాదు.

నీళ్లు దాక్కున్నది ఇసుక పలుకుల మధ్య సందుల్లో. ఒక గ్లాసు నిండా పొడి ఇసుక పోసి, పైనుంచి నీళ్లు పోసి చూడండి. నిండిపోయిన గ్లాసు కదా, ఇంకా మూడో వంతు దాకా నీళ్లు తాగుతుంది. అంటే ఏటి ఇసుక ఒక పెద్ద నీళ్ల తొట్టి. పైగా నీళ్లను వడగడుతుంది కూడా. ఊళ్లలో మంచినీటిని శుభ్రం చేసే ఫిల్టర్లలోనూ ఇసుకే పరుస్తారు.

అయితే ఇసుక అయిపోతుందా? హర్ష అడగకపోయినా నేను చెప్పాల్సింది ఇదే.

అమ్మమ్మ రాత్రి పెరుగు తోడేసేటప్పుడు చూశారు కదా. ఎంత తిన్నా గిన్నె అడుగున ఒక చెంచాడు ఉంచుతుంది. హర్ష దాన్నీ అన్నంలో వేసుకోబోతే చెయ్యి పట్టుకుంది. ఆ చెంచాడు తోడు. అదుంటేనే రేపు పెరుగు. ఏరు కూడా అంతే. కొండలు పాలిచ్చే గేదెలు. వాన పాలు పితుకుతుంది. వరద వాటిని బిందెలకెత్తి మోసుకొస్తుంది. మన దగ్గర నేల చదునై నీటి వేగం తగ్గగానే ఇసుక అడుగున పేరుకుంటుంది, గిన్నెలో పెరుగు పేరుకున్నట్టే. పైన తేలే మెత్తటి ఒండ్రు మీగడ. ఆ మీగడే వేల ఏళ్లుగా పరుచుకుని దివిసీమ దాకా మన వరిపొలాలైంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బరాజ్ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. సెకనుకు మూడు కోట్ల లీటర్లన్నమాట! అలాంటి వరద పాలు మోసుకొచ్చే రోజు. ఊరికి అది ఎంత కష్టమో మనం కళ్లారా చూశాం, అయినా ఏటికి కొత్త ఇసుక వచ్చేది వరదలోనే.

కానీ పాలు మన గుమ్మం దాకా రావాలి కదా. 1967లో, నాకు పన్నెండేళ్లప్పుడు, నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత ఎగువన శ్రీశైలం వచ్చింది. ఆ డ్యాములు లేకపోతే మన అన్నం లేదు, కరెంటు లేదు. వాటిని నేను తప్పుపట్టను. కాకపోతే పైనుంచి వచ్చే ఇసుక, ఒండ్రు చాలావరకు ఆ డ్యాముల వెనకే ఆగిపోతోంది. అంటే పాలు ఎగువనే పోయించుకుంటున్నారు, మన వాటాకు వచ్చేది తక్కువ. అలాంటప్పుడు మనం గిన్నె గీకడం న్యాయమేనా? మిషన్లు పెట్టి అడుగు మన్ను కనిపించేదాకా తవ్వేస్తే నీళ్ల తొట్టి పోతుంది, ఒడ్డున బావులూ బోర్లూ కిందికి దిగిపోతాయి. ప్రపంచమంతా కలిపి ఏడాదికి వాడే ఇసుక, కంకర 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2022లో లెక్క చెప్పింది. నీళ్ల తర్వాత మనుషులు ఎక్కువగా వాడేది ఇదే.

ఎడారి నిండా ఇసుకే కదా అంటాడు హర్ష. ఎడారి ఇసుక గాలికి దొర్లి దొర్లి ఆవగింజలా గుండ్రబడుతుంది, సిమెంటులో పట్టు ఇవ్వదు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఇనుప చువ్వల్ని తినేస్తుంది. అందుకే ఇప్పుడు కొండరాయిని పొడి చేసి రోబో శాండ్ అని అమ్ముతున్నారు. మన మేడగదికి సగం దాకా అదే వాడించాను. మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు, తర్వాత బాగానే ఉందన్నాడు.

ఇసుకకైనా వరద ఉంది. బొగ్గుకు తోడు లేదు. మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో కరెంటు కోసం మండే బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన నాటి అడవులు భూమిలో కూరుకుపోయి అయింది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే నాకు ఆ అడవి గుర్తొస్తుంది. లేచి వెళ్లి కట్టేస్తాను. మీరూ కట్టేయండి నాన్నా.

ఇక మైథిలికి ఒక పని. దసరాకు వచ్చేటప్పుడు అయస్కాంతం ఒకటి తెచ్చుకో. బస్సు వారధి ఎక్కాక ఇద్దరూ కిటికీలోంచి కిందికి చూడండి, ఇసుక తిన్నెలు ఎక్కడ పైకి తేలాయో, ఎక్కడ మునిగి ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. మేస్త్రీ చేత రెండు గమేళాల ఇసుక మీ కోసం పక్కన పెట్టించాను. అయస్కాంతాన్ని అందులో తిప్పితే నల్లటి నలుసులు మీసాల్లా అంటుకుంటాయి. అది ఇనుపరాయి. కృష్ణమ్మ దాన్నీ మోసుకొచ్చింది. తిప్పే ముందు అయస్కాంతానికి కాగితం చుట్టాలి, లేకపోతే ఆ నలుసులు ఒక పట్టాన వదలవు.

మీ తాతయ్య