పండగ విస్తరిలో ముందేది, వెనకేది

కనుమ నాడు చిత్తూరు వైపు ఇళ్లలో రాగి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, అలసంద వడలు, పితికిపప్పు కూర, ఓళిగలు (బొబ్బట్లు), అత్తిరసాలు (అరిసెలు) అన్నీ ఒకే పూట విస్తరిలోకి వస్తాయి. ‘తగ్గించి తినండి’ అనే మాట ఆ రోజు ఎవరి చెవికీ ఎక్కదు. కానీ మూడింటికల్లా పొట్ట బిగిసి, పులితేన్పులు వచ్చి, షుగరు ఉన్నవాళ్లకు నెత్తురులో చక్కెర ఎగబాకడానికి కారణం ఎంత తిన్నామన్నది ఒక్కటే కాదు. ఏది ముందు తిన్నాం, ఎంత తొందరగా తిన్నాం అన్నవి కూడా అంతే ముఖ్యం.

తొందర పొద్దున్నే మొదలవుతుంది. తలంటు, పూజ, పశువుల అలంకరణ ముగిసేసరికి ఒంటిగంట. అప్పటిదాకా కాఫీతోనే నెట్టుకొస్తే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను బాగా పెరిగి ఉంటుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు గట్టిగా అందడానికి 15, 20 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో విస్తరి ఖాళీ చేసేవాళ్లకు ఆ కబురు కంటే రెండో వడ్డనే ముందొస్తుంది. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తింటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు మందు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. పండగ పేరుతో మోతాదు సొంతంగా మార్చుకోకూడదు.

ఇక వరస. తీపితో మొదలుపెట్టడం మన అలవాటు. ఖాళీ కడుపులో పడ్డ బెల్లం, మైదా త్వరగా చిన్నపేగుకు చేరి నెత్తురులోకి వెళ్తాయి. ముందు కూరలు, మాంసకృత్తులు తిని, పిండి పదార్థం చివరికి ఉంచుకుంటే భోజనం తర్వాత చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. పీచు, మాంసకృత్తులు, కొవ్వు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. కాబట్టి శాస్త్రానికి ఓళిగ చిన్న ముక్క నోట్లో వేసుకుని, మిగతాది పక్కన పెట్టండి. ముందు ఒక కప్పు పితికిపప్పు కూరో, నాలుగు కోడి ముక్కలో నెమ్మదిగా తిని, పది నిమిషాల తర్వాత సంగటి ముట్టండి.

పితికిపప్పును ముందు చెప్పడానికి కారణముంది. రాత్రంతా నానిన అనపగింజను వేళ్ల మధ్య నొక్కితే తొక్క జారిపోతుంది. దాంతో పీచు కొంత పోయినా మాంసకృత్తులు పప్పులోనే ఉంటాయి. గ్యాసుకు కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి వాయువు పుట్టిస్తుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో వండితే అవి కొంత తగ్గుతాయి. పప్పు వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడకాలి. పలుకుగా ఉంటే మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు పూర్తిగా పోవు.

రాగి కదా, షుగరుకు ఏమీ కాదని రెండో ముద్ద వేయించుకోవడం పొరపాటు. రాగుల్లో కాల్షియం దండిగా ఉన్నమాట నిజమే, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అయినా సంగటి అంటే అన్నంతో కలిపి మెత్తగా ఉడికిన పిండి. అది చక్కెరను బాగానే పెంచుతుంది. షుగరు ఉన్నవాళ్లకు సగం ముద్ద చాలు.

పొట్ట నిండినా తీపికి చోటు దొరుకుతుంది. ఒక రుచి మొహం మొత్తినా కొత్త రుచికి నోరు మళ్లీ ఊరుతుంది, అదీ సంగతి. ఆ రోజుకు ఓళిగో అత్తిరసమో ఒక్కటే ఎంచుకోండి. చేర్చిన చక్కెర రోజుకు 50 గ్రాములు దాటవద్దని, 25 లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బెల్లమూ ఆ లెక్కలోదే.

తిన్న వెంటనే నడుం వాల్చితే కడుపులోని ఆమ్లం గొంతుకెగదన్నుతుంది. రెండు, మూడు గంటలు ఆగాలి. వీధి చివరిదాకా 10, 15 నిమిషాలు నడిస్తే కాళ్ల కండరాలు చక్కెరను వాడుకుంటాయి.

మిగిలిన అన్నాన్ని, పులుసును రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. బయట ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. అప్పుడు తయారయ్యే వాంతుల విషం మళ్లీ వేడిచేసినా పోదు. సాయంత్రం దాకా పొయ్యిగట్టు మీదే ఉండిపోయిన అన్నం పారేయాల్సిందే.