ఎలకకి ఎవరు చెప్పారు ఆ నూకల్లో మందుందని?

మా బాబాయ్ వాళ్ళది తెనాలి దగ్గర పల్లె, వరి పొలం. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆయన ఎలకల మందు కలపడం దూరం నుంచి చూసేవాణ్ణి, దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నూకలకి కాస్త నూనె పట్టించి, జింక్ ఫాస్ఫైడ్ అని నల్లటి పొడి ఒకటి కలిపి, కాయితం పొట్లాలు కట్టి గట్ల మీద కన్నాల్లో పెట్టేవాడు. నాకు అర్థం కానిది ఏంటంటే దానికి ముందు రెండ్రోజులు మందు లేకుండా ఒట్టి నూకలే పెట్టేవాడు. ఎందుకు బాబాయ్ ఎలకలకి భోజనాలు అని అడిగితే "అలవాటు పడాలిరా. కొత్త తిండి కనబడితే అది ముందు కొంచెం కొరికి చూస్తది, ఆ కాస్తకే కడుపులో తిప్పి, చావకుండా బయటపడిందనుకో, ఇక జన్మలో ఆ నూకలు ముట్టదు" అన్నాడు.

ఈ మాటలో ఎంత సైన్స్ ఉందో నాకు చాలా ఏళ్ళ తర్వాత జాన్ గార్సియా అనే ఆయన గురించి చదివినప్పుడు గానీ తెలీలేదు. ఆయన కంపారిటివ్ సైకాలజిస్ట్, అంటే ఒక్క మనిషి బుర్రనే కాకుండా ఎలకా పిట్టా తోడేలూ ఇవన్నీ ఎలా నేర్చుకుంటాయో పక్కపక్కన పెట్టి చూసే రకం.

1950లు 60ల్లో అమెరికా ల్యాబుల్లో జంతువుల నేర్చుకోవడం గురించి రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి. ఒకటి, కారణానికీ ఫలితానికీ మధ్య గ్యాప్ సెకన్లలోనే ఉండాలి. పావ్లోవ్ కుక్క కథ తెలిసిందేగా, చప్పుడు వినబడగానే తిండి వస్తుంటే కొన్నాళ్ళకి చప్పుడుకే నోరూరుతుంది, అదే చప్పుడు పొద్దున వినిపించి తిండి మధ్యాహ్నం పెడితే కుక్కకి ఆ రెండిటికీ సంబంధమే తట్టదు. రెండోది, దేన్నైనా దేనితోనైనా ముడిపెట్టొచ్చు, లైటైనా చప్పుడైనా రుచైనా మెదడుకి అన్నీ ఒకటే.

ఇప్పుడు బాబాయ్ పొలంలో ఎలకని తీసుకోండి. నూకలు తిన్నది ఎప్పుడో, కడుపులో తిప్పింది ఎప్పుడో. ఈ మధ్యలో అది గట్టు దాటింది, కప్పల అరుపులు విన్నది, ఇంకో ఎలకతో కొట్లాడింది, గుడ్లగూబ నీడ చూసి కన్నంలో దూరింది. ఇన్నిట్లో తప్పు నూకలదేనని ఎట్లా పట్టుకుంది? పై రెండు నమ్మకాలూ నిజమైతే అది పట్టుకోలేకపోవాలి.

గార్సియా 1917లో కాలిఫోర్నియాలో శాంటా రోసా దగ్గర పుట్టాడు. అమ్మానాన్నలు స్పెయిన్ నుంచి వలస వచ్చి పొలం పనులు చేసుకున్నవాళ్ళు, ఈయనా పొలాల్లో పని చేశాడు, తర్వాత మెకానిక్ పని, ఓడల పని, యుద్ధం టైములో పైలట్‌గా చేరితే విమానం ఎక్కినప్పుడల్లా ఒకటే వికారం, తట్టుకోలేక వేరే డ్యూటీకి మారాల్సి వచ్చింది. తర్వాత కెరీర్ అంతా వికారం మీదే రీసెర్చ్ చేయబోయే మనిషికి దేవుడు ముందే ట్రైనింగ్ ఇప్పించినట్టుంది. యుద్ధం అయ్యాక మాజీ సైనికులకి ఇచ్చే చదువు సాయంతో బర్క్‌లీలో సైకాలజీలో చేరాడు, 1949కల్లా మాస్టర్స్ అయింది, పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి మాత్రం 1965, అంటే దాదాపు యాభై ఏళ్ళ మనిషి.

ఆ మధ్య కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో నేవీ వాళ్ళ రేడియేషన్ ల్యాబ్‌లో ఉద్యోగం. అణుబాంబుల రోజులు కదా, రేడియేషన్ ఒంటికి ఏం చేస్తుందో ఎలకల మీద చూసేవాళ్ళు. అక్కడ ఒక చిన్న విషయం ఈయన కంట్లో పడింది. రేడియేషన్ గదిలోకి వెళ్ళిన ఎలకలు అక్కడ నీళ్ళు తాగడం రానురాను తగ్గించేస్తున్నాయి, సొంత బోనులోకి రాగానే మామూలుగా తాగుతున్నాయి. తేడా ఏంటయ్యా అంటే బోనులో గాజు సీసాలు, ఆ గదిలో ప్లాస్టిక్ సీసాలు. నీళ్ళకి ప్లాస్టిక్ వాసన పట్టింది, రేడియేషన్ వల్ల వచ్చిన వికారాన్ని ఎలకలు ఆ రుచి మీదికి నెట్టేశాయి! వెంటనే నీళ్ళలో సాకరిన్ తీపి కలిపి, తాగేటప్పుడు గామా కిరణాలు తగిలేలా చేసి చూశారు, తీపంటే పడి చచ్చే ఎలకలు ఆ తర్వాత తీపి నీళ్ళు తాగడం తగ్గించేశాయి. అది 1955లో సైన్స్ పత్రికలో వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1966లో కోలింగ్ అనే తోటి పరిశోధకుడితో కలిసి చేసిన ప్రయోగం. ఎలకకి రుచి కలిపిన నీళ్ళు పెట్టారు, అది నాలిక పెట్టినప్పుడల్లా ఒక లైటు వెలుగుతుంది, టక్ మని చప్పుడొస్తుంది. అంటే ఒకే గుక్కలో రుచీ వెలుగూ చప్పుడూ మూడూ ఉన్నాయి. తర్వాత కొన్ని ఎలకలకి ఎక్స్‌రేతోనో లిథియం క్లోరైడ్‌తోనో వికారం తెప్పించారు, ఇంకొన్నిటికి కాళ్ళకి కరెంటు షాక్ ఇచ్చారు. ఆ తర్వాత విడదీసి పరీక్ష పెట్టారు, ఒకసారి రుచి ఒక్కటే, ఇంకోసారి వెలుగూ చప్పుడూ ఉన్న మామూలు నీళ్ళు. వికారం వచ్చిన ఎలకలు రుచిని వదిలేశాయి, వెలుగుని అస్సలు పట్టించుకోలేదు. షాక్ తిన్నవి సరిగ్గా రివర్సు, వెలుగూ చప్పుడూ అంటే హడలు, రుచి ఉన్న నీళ్ళు హాయిగా తాగాయి. అంటే కడుపు బాలేకపోతే తిన్నదాన్ని అనుమానించు, కాలు కాలితే చుట్టుపక్కల చూడు అని పుట్టుకతోనే ఒక మొగ్గు ఉందన్నమాట. రెండో నమ్మకం అక్కడే కూలింది. అదే ఏడు ఇంకో ప్రయోగంలో తాగిన చాలాసేపటికి, గంట దాటాక వికారం తెప్పించినా ఎలకలు తప్పుని రుచి మీదే వేశాయి, మొదటి నమ్మకం కూడా పోయింది.

మరి చప్పట్లు కొట్టారా అంటే, పెద్ద పెద్ద జర్నల్స్ ఆయన పేపర్లు తిప్పి పంపాయి. గంట కొట్టినప్పుడల్లా చెక్కపిట్ట బయటికొచ్చి కూసే గోడగడియారాలు ఉంటాయి చూశారా, అందులో పిట్ట రెట్ట దొరకడం ఎంత నిజమో ఈ రిజల్టూ అంతే నిజం అని ఒకాయన వెటకారం చేశాడు. నాకైతే వాళ్ళ మీద కోపం కన్నా జాలి ఎక్కువ, ఎందుకంటే సెకన్ల లెక్క చెప్పిన పాత ప్రయోగాలు అబద్ధం కాదు, కాకపోతే అవి ఎక్కువగా లైట్లతో బజర్లతో మీటలతో చేసినవి, మనిషికి లెక్కపెట్టుకోడానికి అవి తేలిక గనక. రాత్రిళ్ళు తిరిగే ఎలకకి లైటుతో ఏం పని?

పిట్టల్లో చూస్తే సంగతి ఇంకా బాగుంటుంది. 1971లో వేరేవాళ్ళు ఎలకలకీ కౌజు పిట్టలకీ పుల్లగా, నీలంగా ఉన్న నీళ్ళు పట్టి వికారం తెప్పించారు. ఎలకలు పులుపుని మానేశాయి, పిట్టలు ముఖ్యంగా నీలం రంగుని మానేశాయి. గింజని కంటితో చూసి ఏరుకునే ప్రాణి తప్పుని రంగు మీద వేయడం న్యాయమేగా. మన గుంటూరు వాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండకూడదు, పండుమిరపకాయని చిలక జాంపండు తిన్నట్టు తింటుంటే చూసేవాళ్ళం, మిరప మంటని పట్టుకునే ఏర్పాటు మనకీ ఎలకకీ పనిచేసినట్టు పిట్టలకి పనిచేయదు. ఒక్కో ప్రాణికి ఒక్కో నోరు.

తర్వాత గొర్రెమాంసంలో లిథియం క్లోరైడ్ పెట్టి కొయోటీలు అనే తోడేలు జాతితో గొర్రెల వేట మాన్పించాలని కూడా చూశారు, 1974లో పేపర్ వచ్చింది, బోనుల్లో బానే పనిచేసింది గానీ నిజం పొలాల్లో ఎంత పనిచేస్తుందనే దాని మీద చాలా గొడవలు జరిగాయి. అసలు ఉపయోగం ఆస్పత్రుల్లో కనబడింది. 1978లో సియాటెల్‌లో ఐలీన్ బెర్న్‌స్టైన్ అనే ఆవిడ క్యాన్సర్‌కి కీమో తీసుకునే పిల్లలకి ముందు ఒక కొత్తరకం ఐస్‌క్రీమ్ పెట్టి చూస్తే, తర్వాత ఆ పిల్లల్లో చాలామంది ఆ ఐస్‌క్రీమ్ వద్దన్నారు, వికారం మందు వల్లే అని తెలిసినా సరే. అందుకని కీమోకి ముందు ఏదో ఘాటైన కొత్త రుచి ఉన్న బిళ్ళ ఒకటి చప్పరించమని ఇచ్చి చూశారు, నింద దాని మీదికి పోయి మామూలు భోజనం బతికిపోయింది. బిడ్డకి ఇష్టమని ఆ రోజే క్యారేజీలో కోడికూర తెచ్చే అమ్మలకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

కొత్త రుచి మీదే నింద ఎందుకు పడుతుందో నాకు సొంతంగా తెలుసు. నాలుగేళ్ళ కింద లక్ష్మీపురంలో ఒక జ్యూస్ షాపులో మొదటిసారి అవకాడో జ్యూస్ తాగా, ఆ రాత్రి వాంతులు, జ్వరం. మర్నాటికి పిల్లలకి, ఆ తర్వాత మా ఆవిడకి, వరసగా ఇంట్లో అందరికీ వచ్చింది, అంటే వైరల్, పాపం జ్యూస్ తప్పేమీ లేదు. ఆ రోజు మధ్యాహ్నం పప్పూ అన్నం కూడా తిన్నా, పప్పు మీద నాకే కోపమూ లేదు, పుట్టినప్పట్నుంచీ తింటున్నా, దానికి మంచి సర్టిఫికెట్ ఉంది. అవకాడో ఫొటో చూస్తే మాత్రం ఇప్పటికీ గొంతులో అదోలా ఉంటుంది. బాబాయ్ ముందు రెండ్రోజులు ఒట్టి నూకలు మేపింది ఎలక దగ్గర ఆ సర్టిఫికెట్ కోసమే.

గార్సియాకి 1979లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెద్ద అవార్డు ఇచ్చింది, 1983లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లోకి తీసుకున్నారు, 2012లో పోయాడు.

మొన్న బ్రాడీపేటలో మా ఇంట్లో వంటగట్టు కింద ఎలక చేరింది. ఇప్పుడు షాపుల్లో దొరికే బ్రోమడయోలోన్ బిళ్ళలు వేరే రకం, రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, ఫలితానికి రోజులు పడుతుంది, తిన్న పూట ఎలకకి ఏ తేడా తెలీదు కాబట్టి అనుమానించేందుకు ఏమీ దొరకదు. తెచ్చి పెడితే మొదటి రాత్రి ఒక మూల కొంచెం కొరికి వదిలేసింది. బాబాయ్‌కి ఫోన్ చేస్తే "రుచి చూసిందిలే, రేపొస్తది, నువ్వు కంగారుపడి చోటు మార్చమాక" అన్నాడు. మార్చలేదు. ఇవాళ పొద్దున చూస్తే సగం బిళ్ళ లేదు.