సహారా బంగారం, ఉప్పు: తవ్వినవాళ్లకు దక్కిందెంత?

2025 జనవరిలో పశ్చిమాఫ్రికా దేశం మాలిలో ప్రభుత్వం లూలో-గౌంకోటో గని నుంచి సుమారు 3 టన్నుల బంగారాన్ని హెలికాప్టర్‌లో తరలించుకుపోయింది. 2023 నాటి కొత్త గనుల చట్టం ప్రకారం తనకు రావాల్సింది ఇవ్వాలని ప్రభుత్వం, కుదరదని కెనడా కంపెనీ బారిక్ పంతం పట్టిన రోజులవి. మరుసటి నెలలో ఆ గని ఉన్న కెనియేబా ప్రాంతంలోనే, వదిలేసిన గని గోతిలో బంగారం రజను ఏరుకుంటున్నవాళ్ల మీద మట్టిపెళ్లలు విరిగిపడి 48 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. వాటాల తగువు గురించి అంత మాట్లాడిన ప్రపంచం వీళ్ల గురించి పెద్దగా మాట్లాడలేదు.

సెనెగల్ నదికి ఉపనది ఫలేమే. దాన్ని ఆనుకుని ఉన్న ఈ నేల పాత పేరు బంబుక్. వెయ్యేళ్ల కిందట ఒంటెల మీద సహారా దాటి, మొరాకోలోనూ ఈజిప్టులోనూ దీనారాలనే బంగారు నాణేలుగా మారిన బంగారంలో చాలా భాగం ఇక్కడిదీ, నైజర్ నది ఎగువన ఉన్న బూరెదీ. బదులుగా ఉత్తరం నుంచి గుడ్డ, రాగి, గుర్రాలు వచ్చేవి. అన్నిటికన్నా ముఖ్యంగా ఎడారి నడిబొడ్డు నుంచి ఉప్పు వచ్చేది. సముద్రానికి దూరంగా ఎండకు చెమటోడ్చి బతికే సవన్నా (గడ్డిమైదానాల) జనానికి, వాళ్ల పశువులకు ఉప్పు లేనిదే గడవదు. అక్కడ దొరికేది బహు తక్కువ. ఎండిపోయిన పాత సరస్సుల అడుగున సహారాలో మాత్రం రాతి ఉప్పు పొరలు పొరలుగా ఉంది.

మధ్యలో కూర్చున్న రాజ్యాలకు దారే ఆస్తి. 1068లో స్పెయిన్‌లో కూర్చుని రాసిన భూగోళ రచయిత అల్ బక్రీ, ఘనా రాజు (ఇది పాత రాజ్యం, ఇప్పటి ఘనా దేశం కాదు) సుంకాల లెక్క చెప్పాడు: రాజ్యంలోకి వచ్చే గాడిద మోపు ఉప్పుకు ఒక దీనారం, బయటికి పోయేదానికి రెండు. గనుల్లో దొరికే బంగారు ముద్దలన్నీ రాజువి, రజను జనానిది. జనం మీద దయతో పెట్టిన నియమం కాదిది. ముద్దలు కూడా బజారులోకి వస్తే ధర పడిపోతుందని రాజు భయం.

ఉప్పును బంగారంతో సరితూకం వేసి అమ్మేవారన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. దీన్ని నమ్మనక్కర్లేదు, ఎందుకంటే ధరలు రాసిపెట్టిన మనిషి ఉన్నాడు. ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతాయే 1352లో మొరాకోలోని సిజిల్మాసా నుంచి బయల్దేరి సహారా దాటాడు. ఒక ఒంటె మోసే ఉప్పు ఎడారి అంచున ఉన్న వలాతాలో 8 నుంచి 10 మిస్కాళ్లు పలికేదని, మాలి రాజధానికి చేరేసరికి 20, 30, ఒక్కోసారి 40 కూడా అయ్యేదని రాశాడు. మిస్కాల్ అంటే నాలుగుంపావు గ్రాములు. అంటే వంద కిలోలకు పైబడిన ఉప్పుకు వలాతాలో దాదాపు నాలుగు తులాల బంగారం, మాలిలో ఎనిమిది నుంచి పదిహేడు తులాలు. సరితూకం కాకపోయినా, వలాతా నుంచి మాలి దాకా తీసుకెళితే ధర రెండింతలు, మూడింతలు అయ్యేదన్నమాట. ఆ తేడా అంతా ఎవరి చేతికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

తవ్వినవాళ్ల చేతికైతే కాదు. సిజిల్మాసా నుంచి 25 రోజులు నడిస్తే వచ్చే తఘాజాను ఇబ్న్ బతూతా కళ్లారా చూసి రాశాడు. ఇళ్ల గోడలు, మసీదు గోడలు ఉప్పు దిమ్మెలవే, పైకప్పు ఒంటె తోళ్లు. చెట్టన్నది లేదు, చుట్టూ ఇసుకే. నీళ్లు ఉప్పన. ఆ ఊళ్లో కాపురం ఉండేది మస్సూఫా తెగవాళ్ల బానిసలు మాత్రమే. వాళ్లు నేల తవ్వితే పెద్ద పలకల్లాంటి ఉప్పు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించేది. తిండి అంతా బయటిదే: ఉత్తరం నుంచి ఖర్జూరాలు, దక్షిణం నుంచి జొన్నల్లాంటి చిరుధాన్యం, ఒంటె మాంసం. ఇంత దిక్కుమాలిన ఊళ్లోనూ బంగారం రజను వ్యాపారం భారీగా సాగేదని కూడా ఆయనే రాశాడు. 16వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన యాత్రికుడు లియో ఆఫ్రికానస్, తిండి తెచ్చే బిడారు సమయానికి రాక గుడిసెల్లోనే చనిపోయినవాళ్లు ఉన్నారని చెప్పాడు.

మన పాఠాల్లో ఈ వ్యాపారం అనగానే వచ్చే పేరు మాలి చక్రవర్తి మన్సా మూసా. 1324లో మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో ఆయన పంచిన బంగారానికి అక్కడ బంగారం ధరే పడిపోయింది. అంతకు ముందు మిస్కాల్ బంగారం 25 దిర్హాములకు (వెండి నాణేలకు) తగ్గేది కాదని, ఆ తర్వాత 22కు మించడం లేదని పన్నెండేళ్ల తర్వాత కూడా లెక్క చెప్పుకున్నారు. ఆ దాతృత్వం గురించి చదివేటప్పుడు తఘాజా గుర్తుకు రావాలి.

తఘాజా ఉప్పు సుంకం ఎవరిదన్న తగువు మొరాకో సుల్తాన్ అహ్మద్ అల్ మన్సూర్‌కూ, మాలి తర్వాత ఆ ప్రాంతాన్ని ఏలిన సోంఘాయ్ రాజ్యానికీ మధ్య ముదిరింది. బంగారం మీద ఆశ దానికి తోడైంది. 1591లో తొందిబి దగ్గర మొరాకో తుపాకుల ముందు సోంఘాయ్ సైన్యం నిలవలేకపోయింది. అప్పటికే 1482లో పోర్చుగీసువాళ్లు ఇప్పటి ఘనా దేశపు తీరంలోని ఎల్మినాలో కోట కట్టి బంగారాన్ని సముద్రం వైపు లాగడం మొదలుపెట్టారు. తఘాజా పాడుబడింది, ఉప్పు పని దక్షిణాన ఉన్న తావుదెన్నికి మారింది.

తావుదెన్నిలో ఉప్పు పని ఆగలేదు. టింబక్టుకు ఉత్తరాన 660 కిలోమీటర్ల దూరంలో, చలికాలపు నెలల్లో మనుషులు గొయ్యి తవ్వి, మట్టి తీసేసి, 30–40 కిలోల పలకలు కోస్తారు. అక్కడి గుడిసెలూ నాసిరకం ఉప్పు దిమ్మెలతో కట్టినవే. ఒంటె నాలుగు పలకలు మోస్తే అందులో మూడు రవాణా కిందికే పోవడం పాత ఆనవాయితీ. తిండిగింజలు, టీ, పనిముట్లు ముందుగా అప్పు ఇచ్చిన వ్యాపారి ఆ అప్పును మిగిలినదాంట్లోంచి మినహాయించుకుంటాడు. లెక్క తేలక మరుసటి ఏడు కూడా అదే గోతిలోకి దిగాల్సి వచ్చినవాళ్లు ఎందరో. ఇప్పుడు చాలా ఉప్పు లారీల్లో వెళ్తోంది. 2012లో ఉత్తర మాలిలో మొదలైన యుద్ధంతో ఆ దారిలో ప్రయాణమే ప్రాణాల మీదికి వస్తోంది.