కాదనే గొంతులు రెండు: పొదిలి బోర్ల నుంచి కరేడు సోలార్ దాకా

2025 జూన్ చివర్లో నెల్లూరు జిల్లా ఉలవపాడు మండలం కరేడు రైతులు పదహారో నంబరు జాతీయ రహదారి మీద బైఠాయించారు. సోలార్ ప్యానెళ్ల పరిశ్రమకు 8 వేల ఎకరాలకు పైగా సేకరిస్తామన్న నోటిఫికేషన్ వాళ్లను రోడ్డెక్కించింది. ఈసారి భూమి అడుగుతున్నది బొగ్గు కంపెనీ కాదు, సిమెంటు కంపెనీ కాదు. భూతాపానికి మందుగా చెబుతున్న సౌరవిద్యుత్తు కోసం అడుగుతున్నారు. దాంతో టీకొట్ల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మాటలు కలగాపులగంగా వినబడుతున్నాయి. ఒకటి: "ఈ భూతాపం గీతాపం అంతా ఉత్తదేబ్బా, మన నేలలు లాక్కోడానికి అల్లిన కత." రెండోది: "ఎండలు ముదిరిన మాట నిజమే. ఆ మందుకు మా మూడు పంటల నేలే దొరికిందా?"

రెండూ ఎదురుమాటలే కాబట్టి టీవీ చర్చల్లో రెండింటినీ ఒకే గాటన కట్టేసి 'అభివృద్ధి నిరోధకులు' అనేస్తున్నారు. అది తప్పు. మొదటి మాట కొలతను కాదంటుంది, రెండోది వైద్యాన్ని కాదంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల గత తొంభై ఏళ్ల అనుభవం చూస్తే ఈ రెండు మాటల జాతకాలూ పూర్తిగా వేరు.

నీళ్లతో మొదలుపెడదాం. పొదిలి, దర్శి, కనిగిరి 1970లో ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లా పుట్టేదాకా నెల్లూరు కిందే ఉండేవి. 1930ల్లో ఆ ప్రాంతపు రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లోనూ పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం కనబడింది. షార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడి బృందం 1937లో ఇది తాగేనీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని తేల్చి ప్రచురించింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా నమోదు చేయడం అదే మొదలు. ఎద్దు నడకను చూసి రైతు అనుమానించాడు, నీళ్లు పరీక్షించి డాక్టరు కారణం చెప్పాడు. కంటికి కనబడినదానికీ ప్రయోగశాలలో తేలినదానికీ అక్కడ తగవు రాలేదు.

తగవంతా ఆ తర్వాత వైద్యం దగ్గర వచ్చింది. బావులు, కుంటల నీళ్లతో కలరా, విరేచనాలు వస్తున్నాయని తాగునీటికి బోర్లు వేశారు. ఉద్దేశం మంచిదే, ఆ జబ్బులు తగ్గాయి కూడా. కానీ గట్టి రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి రాతిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. వాన తగ్గినప్పుడల్లా బోరు ఇంకా లోతుకు దిగింది, లోతుకు దిగినకొద్దీ చాలాచోట్ల విషం పెరిగింది. క్రిముల్లేని నీళ్లిచ్చిన యంత్రమే ఎముకల్ని వంచింది. దీనికి విరుగుడుగా చెప్పిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. సొరంగాలగుండా కృష్ణా నీళ్లు వస్తాయని పశ్చిమ ప్రకాశం దాదాపు మూడు దశాబ్దాలు ఎదురుచూసింది. కొత్తది ఏదొచ్చినా "అదీ చూద్దాంలే" అనే గుణం అక్కడి జనానికి ఊరికే అబ్బలేదు.

షార్ట్ బృందం ఫ్లోరైడ్ గురించి రాసిన మరుసటి ఏడాది, 1938లో, గై కాలెండర్ అనే ఆవిరి ఇంజనీరు లండన్‌లో వాతావరణ శాస్త్రజ్ఞుల ముందు ఒక పత్రం పెట్టాడు. బొగ్గు కాల్చడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందనీ, అర్ధ శతాబ్దంలో భూమి దాదాపు 0.3 డిగ్రీలు వేడెక్కిందనీ లెక్కలు చూపించాడు. ఆ సభలోని పెద్దలు నమ్మలేదు. అంటే ఆ రోజుల్లో భూమి వేడెక్కుతోందన్నదే ఎదురుమాట! పైగా కాలెండర్ దాన్ని ముప్పు అనుకోలేదు. చలిదేశాల్లో సాగుకు మేలేననీ, మంచుయుగం వెనక్కి జరుగుతుందనీ సంతోషించాడు. అంతకు ముందు 1896లోనే ఈ లెక్క కట్టిన స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ ధోరణీ అంతే. ఒంగోలులో ఒక మే నెల గడిపి ఉంటే ఇద్దరూ మాట మార్చేవారేమో.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిని క్రమం తప్పకుండా కొలవడం మొదలుపెట్టాక వాదన తలకిందులైంది. అప్పుడు పది లక్షల పాళ్లలో 315 దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. నమ్మనివాళ్లు ఎదురుమాట వైపుకు చేరారు. వాళ్లలో అందరూ చమురు కంపెనీల మనుషులే అనడం న్యాయం కాదు. అమెరికాలో బర్క్‌లీ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్‌కు వాతావరణ కేంద్రాల లెక్కల మీద నిజంగానే అనుమానాలుండేవి. నగరాల వేడిని భూమి వేడిగా చూపిస్తున్నారేమో, తమకు కావలసిన కేంద్రాలనే ఎంచుకుంటున్నారేమో అనుకున్నాడు. తనే ఒక బృందాన్ని కూర్చి మొత్తం లెక్క మళ్లీ మొదటినుంచీ కట్టాడు. పాత లెక్కే సరైనదని తేలింది. 2012లో ఆ మాట బహిరంగంగా ఒప్పుకొని, కారణం దాదాపుగా మనుషులేనన్నాడు. అనుమానించడమంటే అదీ! అనుమానించినవాడే కష్టపడి కొలిచి, కొలత చెప్పినదానికి కట్టుబడ్డాడు.

మనవైపు ఎక్కువగా వినబడే వాదన రోహిణి కార్తెది. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అని మన తాతలు అనలేదా? అప్పుడు మాత్రం ఎండల్లేవా?" అంటారు. సామెత నిజమే. 2015లో మే నెలాఖరున సరిగ్గా ఆ రోజుల్లోనే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ప్రకాశం జిల్లావాళ్లు చాలామంది. కానీ ఎండ ఏ రోజుల్లో ముదురుతుందో చెప్పడం వరకే సామెత పని. ఏటికేడు ఎంత పెరిగిందో థర్మామీటరే చెప్పాలి. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 దాకా దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు పెరుగుదల కంటే ఇది తక్కువే, అందుకే "మన దేశంలో ఏం లేదు" అనేవాళ్లకు ఇది కాస్త ఊతమిస్తుంది. అయితే గాలిలోని పొగ, ధూళి కణాలు ఎండను కొంత అడ్డుకోవడం, విస్తారంగా సాగునీళ్లు పారించడం ఇలా తక్కువగా పెరగడానికి ముఖ్య కారణాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ పొగ మన ఊపిరితిత్తులను పాడుచేస్తూనే పైన గొడుగు పడుతోందన్నమాట. గాలి శుభ్రపడిన రోజున ఆ గొడుగూ పోతుంది.

ఇక సముద్రం. అదే అంచనా ప్రకారం ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు 1951 నుంచి 2015 మధ్య ఒక డిగ్రీ వేడెక్కింది. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993 తర్వాత ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఈశాన్య రుతుపవనాల మీద, తుపాన్ల మీద బతికే నెల్లూరు సేద్యానికి ఇవి ఢిల్లీ లెక్కలు కావు.

కొలత చెప్పేవాళ్లూ పొరపాటు చేశారు, అదీ మన దేశం విషయంలోనే. హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికల్లా కరిగిపోవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ కమిటీ 2007 నివేదికలో రాశారు. మన భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన వి.కె. రైనా 2009లో దాన్ని ప్రశ్నిస్తూ ఒక పత్రం రాస్తే, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ విడుదల చేశారు. కమిటీ అధ్యక్షుడు పచౌరి దాన్ని మంత్రతంత్రాల శాస్త్రమన్నట్టు ఎగతాళి చేశారు. మూడు నెలలు తిరక్కుండా 2010 జనవరిలో 2035 అన్న మాటకు ఆధారం లేదని కమిటీయే విచారం ప్రకటించాల్సి వచ్చింది. హిమానీనదాలు కరుగుతున్న మాట నిజం, ఆ ఏడు మాత్రం తప్పు. కానీ ఆ ఎగతాళి చేసిన నష్టం ఇప్పటికీ తీరలేదు. మన వాట్సాప్‌లో తిరిగే "అంతా బోగస్" వీడియోల్లో సగం అక్కడి నుంచే మొదలవుతాయి.

రెండో రకం ఎదురుమాటకు నెల్లూరు తీరంలో రొయ్యను మించిన పాఠం లేదు. 1990ల మొదట్లో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు టైగర్ రొయ్య జ్వరం పట్టుకుంది. పుట్టి వడ్లకు వచ్చే డబ్బును రొయ్యల పట్టుబడిలో వచ్చే డబ్బుతో పోల్చి చూసుకున్నాక వరిమళ్లు గుంటలైపోయాయి. ప్రభుత్వం, బ్యాంకులు, మేత కంపెనీలు అన్నీ 'నీలి విప్లవం' అన్నాయి. వద్దన్నవాళ్లు కొద్దిమందే. గుంటల ఉప్పునీళ్లు పక్కచేలోకి ఊరుతున్నాయని రైతులు, తాగే బావులు చవుడెక్కుతున్నాయని ఆడవాళ్లు, వలలతో ఒడ్డుకు పోయే దారి మూసుకుపోయిందని మత్స్యకారులు అన్నారు. వాళ్లకు కొత్త సంగతులు తెలియవని కొట్టిపారేశారు. 1994లో తెల్లమచ్చల రోగం వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులు మిగిలాయి.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. తీరం నుంచి 500 మీటర్లలోపు వాణిజ్య రొయ్యల సాగును తొలగించమంది. సంప్రదాయ పద్ధతిలో సాగేవాటిని మాత్రం వదిలింది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వేసిన లెక్కలో ఈ సాగు తెచ్చిన ఆదాయం కంటే పర్యావరణానికి, జనానికి కలిగిన నష్టమే ఎక్కువని తేలడం ఆ తీర్పుకు ఒక ఆధారం. తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చి పరిశ్రమకు కొత్త దారి వేసింది. 2009లో పసిఫిక్ జాతి వనామీ రొయ్యపిల్లను అనుమతించాక మళ్లీ గుంటలు నిండాయి.

ఇక్కడ ఎదురుమాటవాళ్లూ లెక్క అప్పజెప్పాలి. రొయ్య ఇక మన తీరంలో బతకదన్నవాళ్ల మాట వమ్మైంది. వనామీ వేల కుటుంబాలను నిలబెట్టింది. నీళ్లు చవుడెక్కుతాయన్న ఆడవాళ్ల మాట మాత్రం నిజమై కూర్చుంది, తీరంలో చాలా ఊళ్లకు తాగే నీళ్లు ఇప్పుడు క్యాన్లలో వస్తున్నాయి. ఇంకో చిక్కు కొత్తగా మొదలైంది. వనామీకి హఠాత్తుగా కురిసే కుండపోత పడదు, గుంటలో ఉప్పదనం ఒక్కసారి పడిపోతే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు. వాతావరణం మారడం ఒట్టి కథ అనే రొయ్య రైతు కూడా సెల్‌ఫోన్‌లో అల్పపీడనం గురించి గంటగంటకూ చూసుకుంటూనే ఉంటాడు.

కృష్ణపట్నం కథను క్లుప్తంగా చెప్పినా చాలు. 4,000 మెగావాట్ల భారీ థర్మల్ ప్రాజెక్టును 2007లో ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు, యూనిట్ రూ.2.33కే కరెంటన్నారు. ఇండోనేషియా తన బొగ్గు ధరల నిబంధనలు మార్చగానే 2011లో ఆ పని ఆగింది, మళ్లీ లేవలేదు. నేలటూరులో ప్రభుత్వరంగ కేంద్రం 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్లతో వచ్చింది. పాతవాటికంటే తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు తీస్తుందన్నది నిజం. బూడిద ముత్తుకూరు పొలాల మీద పడుతుందన్న ఊరివాళ్ల భయానికి మాత్రం ఆ సామర్థ్యం జవాబు కాదు.

2021 నవంబరులో పెన్నా పొంగి, కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకుపోయినప్పుడు ఇంకో రకం ఎదురుమాట వినబడింది. ఇది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. "అంతా వాతావరణ మార్పే" అని అధికారులు అంటుంటే, ఎగువన కడప జిల్లాలో తెగిన అన్నమయ్య ప్రాజెక్టుకు ఉన్న 5 గేట్లలో ఒకటి పనిచేయడం లేదన్న సంగతిని కొందరు ముందుకు తెచ్చారు. కేంద్ర మంత్రి పార్లమెంటులో చెప్పిందీ అదే. కుండపోతను ఆపడం ఎవరి తరమూ కాదు, గేటుకు మరమ్మతు చేయించడం మాత్రం ఒకరి ఉద్యోగం. భూతాపం నిజమైనంత మాత్రాన అది ప్రతి నిర్లక్ష్యానికీ సాకు కాకూడదు.

సౌరవిద్యుత్తు విషయంలో ఎదురుమాట ఘోరంగా ఓడింది, ఆ మాటా ఒప్పుకోవాలి. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు యూనిట్ ధర పది రూపాయలకు పైగా ఉండేది. "ఇది ధనవంతుల సరదా" అని ఇంజనీర్లే అన్నారు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 రూపాయలకు, 2020 చివర్లో గుజరాత్ వేలంలో 1.99కి దిగింది. బొగ్గు కరెంటు దానితో పోటీపడలేని స్థితి వచ్చింది. రాత్రి కరెంటు సంగతి ఇంకా తేలలేదు గానీ, ధర విషయంలో వాదన ముగిసింది.

కాబట్టి కరేడు రైతును భూతాపాన్ని నమ్మనివాడిగా చూపించడం సులువు గానీ, అతను అడుగుతున్నది వేరు. అక్కడ పెట్టాలనుకుంటున్నది ఎండను కరెంటుగా మార్చే ప్యానెళ్ల పొలం కాదు, ప్యానెళ్లను తయారుచేసే ఫ్యాక్టరీ. అందులో మొదటి మెట్టు పాలీసిలికాన్, అంటే ప్యానెళ్లకు ముడిసరుకైన శుద్ధ సిలికాన్. దాన్ని శుద్ధి చేయడానికి వాయువులను వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేయాలి, కరెంటు విపరీతంగా కావాలి, నీళ్లూ కావాలి. ఆ కరెంటు ఎక్కడినుంచి? బొగ్గు నుంచైతే లెక్క ఏమవుతుంది? నీళ్లు సోమశిల జలాశయం నుంచా, భూగర్భం నుంచా? తీరానికి ఇంత దగ్గరలో భూగర్భ జలం లాగితే ఉప్పునీరు లోపలికి రాదా? రొయ్యల గుంటల్ని చూసిన మండలాలకు ఈ ప్రశ్న ఎవరూ నేర్పనక్కర్లేదు. పట్టా భూమికి పరిహారం చెబుతున్నారు, ఆ తోటల్లో మామిడికాయలు కోసి, కలుపు తీసి బతికే కూలీకి ఏ పట్టా ఉంది? గ్రామసభల్లో ఇవే అడగాలి. ప్యానెల్ మంచిదా చెడ్డదా అన్న చర్చతో ఆ సభల టైము అయిపోకూడదు. రైతులు బీడు నేలలు చూసుకోమన్నప్పుడు వాటిని ఎందుకు కాదన్నారో ప్రభుత్వం కాగితం మీద జవాబివ్వాలి. రామాయపట్నం రేవు దగ్గరుండడమే కారణమైతే, ఆ దగ్గరతనం వల్ల కంపెనీకి మిగిలేది ఎంతో, ఊరికి పోయేది ఎంతో పక్కపక్కన వేసి చూపించాలి.