అంజూర పండు కన్ను

కడియం నర్సరీ నుంచి తెచ్చి పెరట్లో నాటిన అంజూర మొక్క పూత పూయకుండానే కాయ పట్టిందని, మేడిపండులో ఉన్నట్టే దాని పొట్టలోనూ పురుగులుంటాయా అని మా ఊరి ఇల్లాలొకరు ఈ మధ్య నన్ను అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది.

మేడి పూత ఎవరి కంటా పడదని పెద్దలు చెప్పే మాటకు కొందరు మహిమలను కూడా జోడిస్తారు. వాస్తవానికి మేడి, అంజూర రెండూ పూస్తాయి. మనం కాయ అని పిలిచేదే వాటి పూలగుత్తి. గిన్నెలా వంగి, అంచులు దగ్గరకు చేరి మూసుకుపోయిన కండగల కాడ లోపలి గోడకు వందలాది చిన్న పూలు అంటుకుని ఉంటాయి. పువ్వు భాగాలు నేర్పడానికి మందారాన్ని కోసి చూపే ఉపాధ్యాయులు దాని పక్కనే ఒక లేత మేడికాయను కూడా కోసి, పిల్లల చేతికి భూతద్దం ఇస్తే, పూత ఎక్కడుందో వారే వెతికి పట్టుకుంటారు.

ఆ గుత్తిలోకి ఉన్న ఒకే ఒక దారి తొడిమకు ఎదురుగా, కాయ కొసన కనిపించే సన్నని రంధ్రం. దాన్ని కన్ను అందాం. పొలుసులు ఒకదానిపై ఒకటి కప్పుకుని ఉన్న ఈ కన్ను గుండా మేడికాయలోకి దూరే చిన్న ఆడ కందిరీగ రెక్కలు ఊడిపోయినా వెనుదిరగదు; తాను పుట్టిన కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది. మేడిపండు పొట్ట విప్పితే కనిపించేవి ముఖ్యంగా అలా పుట్టినవే. అంజూరకు మేడి కందిరీగ పనికిరాదు. దానికి బ్లాస్టోఫాగా సీనెస్ అనే వేరే జాతి కావాలి. 1880లలో కాలిఫోర్నియాకు తెచ్చి నాటిన స్మిర్నా రకపు చెట్లు ఏళ్ల తరబడి కాయలను నిలుపుకోలేకపోయాయి. 1899లో ఆ కందిరీగ అక్కడ స్థిరపడిన తరువాతే పంట నిలిచింది. మన పెరళ్లలోని పూనా, డయానా, బ్రౌన్ టర్కీ వంటి రకాలు మాత్రం పుప్పొడి లేకుండానే పండుతాయి. జోర్డాన్ లోయలోని గిల్గాల్ వద్ద దొరికిన, సుమారు 11,400 ఏళ్ల నాటి అంజూరలు ఇలాంటివేనని 2006లో పరిశోధకులు ప్రకటించారు. కనుక ఆ ఇల్లాలి కాయలో కందిరీగ ఉండదు.

అయితే కందిరీగ రాకపోయినా దాని కోసం ఏర్పడిన ద్వారం అలాగే ఉంది, డెల్టాలో అంజూరకు వచ్చే చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అంజూర కాయ మొదట వేగంగా పెరిగి, తరువాత వారాల తరబడి ఎదుగుదల లేనట్టు ఉండిపోయి, చివరి కొద్ది రోజుల్లో ఒక్కసారిగా ఉబ్బుతుంది. చక్కెరలో అధికభాగం అప్పుడే చేరుతుంది. ఆ ఉబ్బుకు చర్మం సాగి, కన్ను పొలుసులు సడలుతాయి. సరిగ్గా ఆ సమయానికి వాన పడితే నీరు లోపలికి దిగుతుంది, చిన్న ఈగలు ఈస్టును, బాక్టీరియాను మోసుకొస్తాయి, చక్కెర పులిసి నురగతో కూడిన రసం కన్ను నుంచి కారుతుంది. పుణె దగ్గరి పురందర్‌లో గాలి పొడిగా ఉండే వేసవి పంటకు ఈ బాధ తక్కువ. గోదావరి గాలిలోని తేమ, కార్తీకపు వాయుగుండాల వల్ల మనకు అది అనుభవమే.

అందువల్ల రకాన్ని తీపిని బట్టి మాత్రమే ఎంచడం మన ప్రాంతంలో పొరపాటని నా గట్టి అభిప్రాయం. నేను ముందు కన్నునే చూస్తాను: పండిన కాయ కన్నులో అగ్గిపుల్ల కొస దూరుతుందా, వాన పడిన మూడు రోజుల్లో కోసిన ప్రతి పది పండ్లలో ఎన్ని పులిశాయి, ఎన్ని పగిలాయి అన్నవి రాసుకున్నాకే రిఫ్రాక్టోమీటరుతో తీపి కొలుస్తాను. సెలెస్ట్ అనే అంజూర రకం పండు చిన్నదే, కానీ దాని కన్ను బిగువుగా మూసుకుని ఉంటుంది. తేమగల చోట అది పెద్ద పండు కన్నా మేలు. మొదటి ఏడాది కాపును లెక్కలోకి తీసుకోకూడదు, లేత మొక్క తన గుణాన్ని పూర్తిగా చూపదు. నీరు నిలిచే ఒండ్రు నేలలో మొక్కను ఎత్తైన మట్టిదిబ్బ మీద నాటి, వానలు తగ్గుముఖం పట్టాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ల మీద వచ్చే కాయలు ఫిబ్రవరి తరువాత, పొడి రోజుల్లో పండుతాయి.

కొన్ని రకాలలో పండు పక్వానికి వచ్చినప్పుడు కన్నులో తేనెలాంటి బొట్టు ఊరి, చిక్కబడి, ద్వారానికి మూతలా నిలుస్తుంది. అంజూరను మామిడిలా కోసి మాగబెట్టడం కుదరదు కాబట్టి, మెడ మెత్తబడి పండు కిందికి వాలిన రోజు ఉదయమే, ఆ బొట్టు చెదరకుండా కోయాలి.