ఎల్లిస్ ఐలాండ్, ఉక్కు మిల్లు, డంబెల్ ఇల్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అమెరికాకు వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు నోరు తిరగని పేర్లను తమకు తోచినట్టు మార్చి రాశారు.

వాస్తవం: అక్కడ కొత్తగా పేరు రాసే పనే లేదు. ప్రయాణికుల జాబితాను ఓడ కంపెనీ గుమాస్తాలు బయలుదేరే రేవులోనే, హాంబర్గ్‌లోనో నేపుల్స్‌లోనో, సిద్ధం చేసేవారు. 1893 చట్టం ప్రకారం ఒక్కో జాబితాలో 30 పేర్లకు మించకూడదు. కోటుకు గుచ్చిన చీటీ మీద జాబితా నంబరు, వరుస నంబరు ఉండేవి. ఇన్‌స్పెక్టరు ఆ వరుస చూసి, భాష రాకపోతే దుబాసీని పిలిచి, జవాబులు సరిపోయాయో లేదో చూసేవాడు. పేర్లు మారింది తర్వాత: జీతాల పుస్తకంలో, బడి రిజిస్టరులో, చాలాసార్లు ఎవరి పేరు వాళ్లే మార్చుకుని. మోసం లేకపోతే అందుకు అప్పట్లో కోర్టు మెట్లెక్కక్కర్లేకపోయింది. కాబట్టి పూర్వీకుల రికార్డు వెతికేవాళ్లు సొంతూళ్లో వాడిన పేరుతో, ఆ భాష స్పెల్లింగుతో మొదలుపెట్టాలి.

అపోహ: ముందే ఉద్యోగం కుదుర్చుకుని వస్తే దారి సులువు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. కూలి ఒప్పందం మీద విదేశాల నుంచి మనుషుల్ని రప్పించడాన్ని 1885 నాటి ఫోరన్ చట్టం నిషేధించింది (నటులు, గాయకులు, ఇంటి పనివాళ్ల వంటి కొందరికి మినహాయింపు). "పని కుదిరిందా?" అంటే గొప్పగా తలూపినవాడు ఇరుక్కున్నట్టే. అలాగని ఉత్త చేతులతో నిలబడితే "ప్రభుత్వానికి భారమయ్యే మనిషి" అనే ముద్ర పడుతుంది. గట్టెక్కించే జవాబు ఒకటే: పని ఇంకా కుదరలేదు, ఒంట్లో సత్తువుంది, కాస్త డబ్బుంది, ఫలానా వీధిలో బంధువున్నాడు. 30 డాలర్లకు మించి ఉందా, లేకుంటే ఎంత ఉంది అన్నది కూడా జాబితాలో రాయాలి. వెనక్కి పంపినవాణ్ణి ఓడ కంపెనీయే సొంత ఖర్చుతో తీసుకెళ్లాలని 1891 చట్టం చెప్పడంతో, కంపెనీలు రేవులోనే ఏరివేసేవి. తిరస్కరణలు రెండు శాతం దగ్గరే ఆగడానికి అదొక కారణం.

వచ్చినవాళ్లంతా అక్కడే ఉండిపోయారన్నదీ నిజం కాదు. ఇటలీ నుంచి వచ్చిన మగవాళ్లలో చాలామంది నాలుగు రాళ్లు వెనకేసుకుని తిరుగు ఓడెక్కారు.

అపోహ: 1886 మేలో షికాగో కార్మికుల పోరాటంతో ఎనిమిది గంటల పని వచ్చేసింది.

వాస్తవం: మన దగ్గర మే డే ఉపన్యాసాల్లో ఏటా వినిపించే మాటే. అప్పట్లో కొన్నిచోట్ల గంటలు తగ్గాయి, అంతే. ఉక్కు మిల్లుల్లో 12 గంటల షిఫ్టు 1923 దాకా నడిచింది. ఇనుము కరిగించే కొలిమి, బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఆర్పడానికి లేదు. చల్లబడితే లోపలి ఇనుము గడ్డకడుతుంది. అందుకని రాత్రింబవళ్లూ నడపాలి, పెట్టింది మాత్రం రెండే షిఫ్టులు. పగలు, రాత్రి డ్యూటీలు రెండు వారాలకోసారి మారేటప్పుడు ఒక జట్టు 24 గంటలు ఏకధాటిగా నిలబడేది. మూడు షిఫ్టులు పెట్టినా కొలిమికి అభ్యంతరం లేదు, జీతాల లెక్కే అడ్డం. 1892లో పెన్సిల్వేనియాలోని హోంస్టెడ్ ఉక్కు మిల్లు సమ్మెలో యూనియన్ ఓడిపోయాక అడిగే గొంతు కూడా లేకుండాపోయింది.

అపోహ: న్యూయార్క్ ఇరుకు వాటాలు చట్టం లేక పుట్టాయి.

వాస్తవం: అన్నిటికన్నా అపఖ్యాతి పాలైన డంబెల్ ఇల్లు చట్టం కడుపునే పుట్టింది. ప్రతి పడకగదికీ బయటి గాలి తగిలే కిటికీ ఉండాలని 1879 చట్టం అంది. స్థలమేమో 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. బిల్డర్లు భవనం నడుము దగ్గర రెండు పక్కలా 28 అంగుళాలు నొక్కేశారు, పైనుంచి చూస్తే వ్యాయామపు డంబెల్ ఆకారం. పక్క భవనం నొక్కుతో కలిసి అయిదడుగులు కూడా లేని సందు, తెరుచుకునేది పైకి మాత్రమే. అంతస్తుకు నాలుగు కుటుంబాలు, నడవలో రెండు మరుగుదొడ్లు. కింది అంతస్తులకు వెలుతురు దిగలేదు, పైనుంచి చెత్త మాత్రం దిగింది. నిప్పంటుకుంటే ఆ సందే పొగగొట్టం. 1901 చట్టం ఈ నమూనాను ఆపింది, కానీ కొత్త కట్టడాల వరకే. అప్పటికే లేచిన వేల భవనాల్లో జనం అలాగే కాపురముంటూ వచ్చారు.