సెర్బియా ‘ఇచ్’ ఇంటిపేర్లలో గ్రీకు పేర్లు: అపోహలు – వాస్తవాలు

టెన్నిస్ చూసేవాళ్లకు నొవాక్ జోకోవిచ్ తెలుసు. చదరంగం పుస్తకాలు తిరగేసినవాళ్లకు గ్రాండ్‌మాస్టర్ స్వెతొజార్ గ్లిగోరిచ్ తెలుసు. 1961లో నోబెల్ అందుకున్న యుగోస్లావియా రచయిత ఇవో ఆంద్రిచ్ కూడా చాలామందికి తెలుసు. ఈ మూడు ఇంటిపేర్లలోనూ ఒక్కో గ్రీకు పేరు దాగి ఉంది. మొదటిదాంట్లో గెయోర్గియోస్, రెండోదాంట్లో గ్రిగోరియోస్, మూడోదాంట్లో ఆంద్రెయాస్. ఇంతవరకూ పేచీ లేదు. ఈ సంగతి పట్టుకుని వంశాల గురించీ జాతుల గురించీ తీర్పులు చెప్పేయడం దగ్గరే తప్పులు మొదలవుతాయి.

చదివే ముందు ఒక మాట. సెర్బియన్‌లో మన ‘ట’ లేదు, పలికేది ‘త’. అందుకే ఇక్కడ పెట్రోవిచ్ అనకుండా పెత్రోవిచ్ అనే రాస్తున్నాం.

అపోహ: ఇంటిపేరులో గ్రీకు పేరుంటే ఆ కుటుంబం గ్రీసు నుంచి వచ్చినట్టే.

కాదు. ఆ పేర్లు వలసల వల్ల రాలేదు, బాప్తిస్మం వల్ల వచ్చాయి. సెర్బులు 9వ శతాబ్దంలో బైజాంటియం (గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యం) వైపు నుంచి క్రైస్తవం తీసుకున్నారు. పాలకుల ఇళ్లలో ఆ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. అన్నదమ్ములు ముతిమిర్, గొయ్నిక్‌ల పేర్లు అచ్చ స్లావ్ పేర్లు. వాళ్ల పిల్లల తరానికి వచ్చేసరికి ముతిమిర్ కొడుకు స్తెఫాన్, గొయ్నిక్ కొడుకు పేతర్ అయ్యారు. రక్తం అదే, భాష అదే, మారింది మతం. 1219లో సన్యాసి సావా చేతుల మీదుగా సెర్బియా చర్చికి స్వతంత్ర ప్రతిపత్తి వచ్చింది. ఆ తర్వాత శతాబ్దాల పాటు చర్చి పంచాంగంలోని సాధువుల పేర్లు రైతుల ఇళ్లలోకీ గొర్రెల కాపరుల ఇళ్లలోకీ చేరాయి.

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తెలుగు బైబిలు చదివే ఇళ్లలో పేతురు, అంద్రెయ, ఫిలిప్పు, స్తెఫను అనే పేర్లున్నాయి. అవి పేత్రోస్, ఆంద్రెయాస్, ఫిలిప్పోస్, స్తెఫానోస్ అనే గ్రీకు పేర్లే. గుంటూరులో పేతురు అన్న పేరున్న ఆయన తాత గ్రీకువాడని ఎవరూ అనుకోరు. సెర్బియా పెత్రోవిచ్ సంగతీ అంతే.

నిజంగా గ్రీకు సంస్కృతి నుంచి వచ్చిన కుటుంబాలు సెర్బియాలో లేవా అంటే, ఉన్నాయి. 18, 19 శతాబ్దాల్లో బెల్‌గ్రేడ్, జెమున్, నోవిసాద్ లాంటి పట్టణాల్లో గ్రీకు వర్తకులు, అరోమానియన్ (లాటిన్ నుంచి పుట్టిన భాష మాట్లాడే బాల్కన్ జాతి) వర్తకులు స్థిరపడ్డారు. అయితే వాళ్లను ఇంటిపేరు చూసి పట్టుకోవడం కష్టం. నాటక రచయిత బ్రానిస్లావ్ నుషిచ్ 1864లో బెల్‌గ్రేడ్‌లో అరోమానియన్ కుటుంబంలో పుట్టాడు. అప్పటి పేరు అల్కిబియాద్ నుషా. ప్రాచీన ఏథెన్స్ సేనాని పేరు అది. పెద్దయ్యాక అచ్చ స్లావ్ పేరు పెట్టుకుని, నుషాకు ‘ఇచ్’ తగిలించుకున్నాడు. దక్షిణం నుంచి వచ్చిన కుటుంబంవాడి పేరులో గ్రీకు జాడ పోయింది. ఏ కొండపల్లెలోనో తరతరాలుగా ఉన్న రైతు ఇంటిపేరులో మాత్రం గ్రీకు పేరు నిలిచిపోయింది.

అపోహ: చర్చి ద్వారా వచ్చిన పేర్లన్నీ గ్రీకు పేర్లే.

ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. పేరు గ్రీకు భాష మీదుగా రావడం వేరు, గ్రీకులో పుట్టడం వేరు. సెర్బియాలో బాగా వాడుకలో ఉన్న ఇంటిపేర్లను ఈ లెక్కన నాలుగు రాశులుగా విడదీయాలి.

గ్రీకులోనే పుట్టినవి: నికొలిచ్ (నికోలావోస్, ప్రజల విజయం), జోర్జెవిచ్ (గెయోర్గియోస్, నేల దున్నేవాడు), తొదోరోవిచ్ (థెయొదోరోస్, దేవుడిచ్చిన కానుక), స్తెఫానోవిచ్ (స్తెఫానోస్, కిరీటం), ఫిలిపోవిచ్ (గుర్రాలంటే ఇష్టపడేవాడు), వసిల్యెవిచ్ (వసిలియోస్, రాజుకు చెందినవాడు), మిత్రోవిచ్ (దిమిత్రియోస్, దెమెతెర్ దేవతకు చెందినవాడు). ఆ చివరిది చూడండి. అన్యదేవత పేరు మీద పుట్టిన పేరు ఒక క్రైస్తవ సాధువు పేరై ఊరూరా తిరిగింది. పెత్రోవిచ్ కూడా ఈ రాశిలోదే. కాకపోతే పేత్రోస్ అన్నది కేఫా అనే అరామిక్ మాటకు గ్రీకు అనువాదం. రెండింటికీ అర్థం రాయి.

హీబ్రూలో పుట్టి గ్రీకు మీదుగా వచ్చినవి: యోవానోవిచ్, ఇలిచ్, లజారెవిచ్, మిహాయ్‌లోవిచ్, యాకొవ్ల్యెవిచ్. సెర్బియాలో అన్నిటికంటే ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు యోవానోవిచ్. గ్రీకు పేర్ల ఉదాహరణగా దాన్నే ముందు చెబుతుంటారు. దాని మూలం యోహానాన్ అనే హీబ్రూ పేరు.

లాటిన్‌లో పుట్టినవి: మార్కోవిచ్, పావ్లోవిచ్, మాక్సిమోవిచ్, ఆంతిచ్, కోస్తిచ్. కోస్తా అంటే కాన్‌స్తంతీన్ కాబట్టి, ఆయన కాన్‌స్టాంటినోపుల్ కట్టినవాడు కాబట్టి గ్రీకు అనేస్తారు. కాన్‌స్తంతీనుస్ లాటిన్ పేరు, స్థిరమైనవాడని అర్థం.

ఇక స్తొయానోవిచ్, స్తాంకోవిచ్, మిలోషెవిచ్, వూకోవిచ్ లాంటివి శుద్ధంగా స్లావ్ పేర్ల మీద పుట్టినవి. క్రైస్తవం వచ్చి ఇన్ని శతాబ్దాలైనా అవి ఎక్కడికీ పోలేదు.

అపోహ: ‘ఇచ్’ కొట్టేస్తే అసలు పేరు బయటపడుతుంది.

కొన్నిసార్లు పడుతుంది. చాలాసార్లు ఇంకా పని మిగిలి ఉంటుంది.

‘ఇచ్’ అంటే మొదట చిన్నది, చిన్నవాడు అనే అర్థం. దాని ముందు ‘ఒవ్’ లేదా ‘ఎవ్’ ఉంటే అది ‘ఫలానావాడి’ అని చెప్పే షష్ఠి లాంటి ప్రత్యయం. పేతర్ + ఒవ్ + ఇచ్ కలిసి పెత్రోవిచ్ అయింది. ఏ పేరుకు ఏ ప్రత్యయం వస్తుందనేది ఆ పేరు చివరి ధ్వనిని బట్టి ఉంటుంది. హల్లుతో ముగిసే యోవాన్, ఫిలిప్, తొదోర్ లాంటి పేర్లకు ‘ఒవిచ్’ వస్తుంది. ‘జే’, ‘యె’ లాంటి మెత్తటి ధ్వనితో ముగిసే జోర్జే, దిమిత్రియె, అర్సెనియె లాంటివాటికి ‘ఎవిచ్’ వస్తుంది. ‘ఆ’తో ముగిసే మగపేర్లకు మధ్యలో ఏమీ లేకుండా నేరుగా ‘ఇచ్’ అతుకుతుంది: నికొలా – నికొలిచ్, లూకా – లూకిచ్, కోస్తా – కోస్తిచ్, అలెక్సా – అలెక్సిచ్. ‘ర్’తో ముగిసేవి రెండు వైపులా వెళతాయి. తొదోర్ నుంచి తొదోరోవిచ్ వస్తే, లజార్ నుంచి లజారెవిచ్ వచ్చింది.

కాబట్టి వరస ఇది. ముందు ఇంటిపేరును అక్షరాల మీది గుర్తులతో సహా అసలు లిపిలో రాసుకోండి. ‘ఇచ్’ తీయండి. ‘ఒవ్’, ‘ఎవ్’ ఉంటే అవీ తీయండి. మిగిలినదానికి చివర ‘ఆ’, ‘యె’, ‘కో’ లాంటిది చేర్చాలేమో చూడండి. పేతర్, మితర్‌లలో లాగా మధ్యలో జారిపోయిన ‘అ’ను తిరిగి పెట్టండి. ఇప్పుడు చేతిలో ఉన్నది నిండు పేరా, ముద్దుపేరా అని అడగండి. చాలామంది జారేది ఈ చివరి మెట్టు మీదే. తాసిచ్‌లోని తాసా, అతనాసియె కావచ్చు, అనస్తాసియె కావచ్చు. తోషిచ్‌లోని తోషా, తొదోర్ కావచ్చు, తెయొదొసియె కావచ్చు. అలెక్సాకు అలెక్సియోస్, అలెక్సాంద్రోస్ ఇద్దరూ మూలపురుషులే. పత్రం దొరికేదాకా రెండూ రాసి ఉంచడమే నిజాయితీ.

పైపైన ఒకేలా ఉండి మోసం చేసేవి వేరే ఉన్నాయి. పెత్కోవిచ్‌కూ పేతర్‌కూ సంబంధం లేదు. పెత్కో అన్న పేరు పెతాక్, అంటే శుక్రవారం నుంచి వచ్చింది. ఇందులోనూ గ్రీకు దొడ్డిదారిన ఉంది. సెర్బులు కొలిచే సాధ్వి పెత్కా పేరు, గ్రీకులో శుక్రవారమనే అర్థమున్న పరస్కెవీ పేరుకు అనువాదం. పేరు గ్రీకు కాదు, ఆలోచన గ్రీకు. ఇలాగే యెలెనిచ్ అన్నది గ్రీకు హెలెన్ నుంచి వచ్చిన యెలెనా కావచ్చు, జింక అనే అర్థమున్న యెలెన్ అనే స్లావ్ మాటైనా కావచ్చు.

అపోహ: గెయోర్గియోస్ ఎక్కడ, జోకో ఎక్కడ? ఇవన్నీ అల్లిన కథలు.

అల్లినవి కావు. ధ్వనులు ఒక పద్ధతి ప్రకారం మారాయి. బైజాంటియం కాలపు గ్రీకులో ‘ఎ’, ‘ఇ’ల ముందు ‘గ’ మెత్తబడి దాదాపు ‘య’లా పలికేది. సెర్బులు దాన్ని తమ మెత్తటి ‘జ’తో పట్టుకున్నారు. గ్రీకు పేర్ల చివరి ‘ఒస్’ రాలిపోయింది. అలా జోర్జే వచ్చింది. దాని పక్కనే జూరజ్ అనే మరో రూపం. స్మెదెరెవో కోట కట్టించిన 15వ శతాబ్దపు పాలకుడు జూరజ్ బ్రాంకోవిచ్ పేరు ఇదే. వీటికి ముద్దుపేర్లు జూరా, జూరో, జోకా, జోకో. ఒక్కోదానికీ ఒక్కో ఇంటిపేరు పుట్టింది: జోర్జెవిచ్, జూర్జెవిచ్, జూరిచ్, జూరోవిచ్, జోకిచ్, జోకోవిచ్. చర్చి పుస్తకాల భాషను పట్టుకున్నవాళ్లు గెయొర్గియెవిచ్ అని రాసుకున్నారు. అన్నింటి వెనకా ఒకే సాధువు.

‘క’కు కూడా ఇదే జరిగింది. కిరిల్లోస్ చిరిల్ అయ్యాడు, అందులోంచి చిరిచ్ వచ్చింది. నికిఫోరోస్ నిచిఫోర్ అయ్యాడు. పాత స్లావ్ నోళ్లకు ‘ఫ’ అలవాటు లేదు కాబట్టి స్తెఫాన్ పక్కనే స్తెవాన్, స్తెపాన్ పుట్టాయి. అందుకే స్తెఫానోవిచ్, స్తెవానోవిచ్, స్తెపానోవిచ్ మూడూ ఒకే పేరు సంతానం. గ్రిగోరియెలో రెండు ‘ర’లు నోటికి అడ్డుపడి మొదటిది ‘ల’గా మారితే గ్లిగోరియె, దాని నుంచి గ్లిగోరిచ్. గ్రీకు ‘థ’ను సెర్బులు ‘త’గా తీసుకుంటే రష్యన్లు ‘ఫ’గా తీసుకున్నారు. అక్కడి ఫ్యోదర్, ఇక్కడి తొదోర్ ఒకరే.

అపోహ: ఇంటిపేరులో ఉన్నది కన్నతండ్రి పేరే, అది మధ్యయుగాల నుంచీ అలాగే ఉంది.

రెండు ముక్కలూ తప్పే. 19వ శతాబ్దం నడిమి దాకా సెర్బియాలో చాలా ఇళ్లలో ఈ పేరు తరానికోసారి మారేది. భాషా సంస్కర్త వూక్ స్తెఫానోవిచ్ కరాజిచ్ పేరులో స్తెఫానోవిచ్ అంటే స్తెఫాన్ కొడుకు. కరాజిచ్ వాళ్ల వంశం పేరు. ఒట్టోమన్ పాలన మీద 1804లో జరిగిన తిరుగుబాటు నాయకుడు జోర్జే పెత్రోవిచ్, పేతర్ కొడుకు. జనం ఆయన్ను కరాజోర్జే, అంటే నల్ల జోర్జే అన్నారు. వారసులు కరాజోర్జెవిచ్‌లయ్యారు. పెత్రోవిచ్ ఒక్క తరంలో పక్కకు పోయింది.

ఇంకా గట్టి ఉదాహరణ, కరాజోర్జెవిచ్‌లకు పోటీగా నిలిచిన ఒబ్రెనోవిచ్ రాజవంశం. దాన్ని నెలకొల్పిన మిలోష్ తండ్రి పేరు తెయొదోర్, తాత మిహాయ్‌లో. లెక్క ప్రకారం ఆయన తెయొదోరోవిచ్ కావాలి, గ్రీకు పేరే రావాలి. కానీ తల్లి విష్ణ్యాకు అది రెండో పెళ్లి. మొదటి భర్త పేరు ఒబ్రెన్. ఆ పెళ్లిలో పుట్టిన అన్న మిలాన్ ఒబ్రెనోవిచ్ తిరుగుబాటులో పేరున్న నాయకుడు. 1810లో మిలాన్ చనిపోయాక మిలోష్ ఆ పేరునే తనది చేసుకున్నాడు. 1903 దాకా సాగిన ఒబ్రెనోవిచ్ రాజవంశం పేరులో ఉన్నది, ఆ వంశానికి రక్తసంబంధం లేని మనిషి పేరు.

సెర్బియా సంస్థానం 1851లో ఇంటిపేర్లను స్థిరం చేయాలని ఆదేశించింది. అప్పుడు చాలా కుటుంబాలు తాత పేరునో, పేరున్న పూర్వీకుడి పేరునో ఎంచుకున్నాయి. అందువల్ల మధ్య సెర్బియాలో నికొలిచ్ అంటే సాధారణంగా 18వ శతాబ్దం చివర్లోనో 19వ శతాబ్దం మొదట్లోనో బతికిన ఒక నికొలా. పక్క ఊరి నికొలిచ్‌లు వేరే నికొలా మనవలు. రెండు కుటుంబాలనూ ఒకే వృక్షంలో కలపడానికి ఇంటిపేరు ఒక్కటే సరిపోదు.

తల్లి పేరూ రావచ్చు. కాతిచ్‌లో ఉన్నది కాతా, అంటే కతరీనా. అది కూడా గ్రీకు మీదుగా వచ్చినదే.

చిన్న అపోహలు కొన్ని. ‘ఇచ్’ ఉంటే సెర్బే అనుకోకండి. క్రొయేషియన్లు, బోస్నియాక్‌లు, మాంటెనెగ్రోవాళ్లు కూడా ఇదే వాడతారు. ఆంద్రిచ్ పుట్టింది బోస్నియాలోని క్యాథలిక్ క్రొయేషియన్ ఇంట్లో. ‘ఇచ్’ లేకపోతే సెర్బు కాదనీ అనుకోకండి. నికొలా తెస్లాను చూడండి. ఉత్తర సెర్బియాలోని వొయ్‌వొదీనాలో ‘ఒవ్’, ‘ఇన్’, ‘స్కి’తో ముగిసేవి బోలెడు. రష్యన్ పెత్రోవిచ్ ఇంటిపేరు కాదు, సొంత పేరు తర్వాత వచ్చే తండ్రి పేరు. అది ఆడవాళ్లకు పెత్రోవ్నా అవుతుంది. సెర్బియాలో ఆడామగా ఇద్దరికీ పెత్రోవిచ్చే. కుటుంబం ఏటా జరుపుకునే కులసాధువు పండుగ స్లావాకూ ఇంటిపేరుకూ ముడి లేదు. జోర్జెవిచ్‌లు సెయింట్ నికోలస్ పండుగ జరుపుకోవడం మామూలే.

పాత రికార్డులు చూసేవాళ్లకు. ‘చ’కు సెర్బియన్‌లో రెండు అక్షరాలున్నాయి. ఇంటిపేరు చివర వచ్చేది మెత్తటి ‘చ’. లాటిన్ లిపిలో దాని మీదుండే గుర్తు ఎగిరిపోతే విదేశాల్లో దాన్ని ‘ఇక్’ అని చదివేస్తారు. హాబ్స్‌బర్గ్ పాలనలో ఉన్న ప్రాంతాల కాగితాల్లో అదే పేరు హంగేరియన్, జర్మన్ వర్ణక్రమాల్లో నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. వెతికేటప్పుడు అన్నిటితోనూ వెతకాలి. వూక్ సంస్కరణ స్థిరపడక ముందు పూజారులు రాసిన పుస్తకాల్లో జోర్జే బదులు గెయొర్గియె, స్తెవాన్ బదులు స్తెఫాన్ ఉండవచ్చు. అవి ఇద్దరు మనుషులని అనుకుని వృక్షంలో రెండు కొమ్మలు గీయకండి. సొంత పేరుకూ ఇంటిపేరుకూ మధ్య బ్రాకెట్లలో తండ్రి పేరు షష్ఠీ విభక్తిలో రాయడం అక్కడి ఆనవాయితీ. అక్కడ ‘పెత్రా’ అని ఉంటే అది ఆడపేరు కాదు, ‘పేతర్ యొక్క’ అని. ‘నికొలె’ అంటే నికొలా యొక్క, ‘జోర్జా’ అంటే జోర్జే యొక్క. ఇంటిపేరు చెప్పలేని కన్నతండ్రి పేరు దొరికేది ఈ బ్రాకెట్లలోనే.